బయటి లంగరు దగ్గర జ్వరం

1

గాలి నైరుతి నుంచి. పోటు మొదలైంది. తాడు బిగువుగా ఉంది, ముడి బాగుంది.

పగ్గాల మేస్త్రీ చిట్టాలో రాయాల్సింది అంతే. గాలి, నీరు, తాడు. ఇన్నేళ్ళుగా అంతకు మించి ఒక్క ముక్క రాయలేదు. ఈరోజు రాస్తున్నాను, ఎందుకంటే నాకు భయంగా ఉంది, పక్కనున్న ఇద్దరికీ ఆ సంగతి చెప్పలేను.

మా తెప్పలూరంటే ఒకదానికొకటి కట్టుకున్న తెప్పలే. కింద ఎక్కడో మునిగిపోయిన కోరంగి ఉందంటారు. నేను చూడలేదు, చూసినవాళ్ళెవరూ మిగల్లేదు. ఏ తెప్ప ఎక్కడ కట్టాలో, తుఫానుకి ఏ పగ్గం సడలించాలో చూసేవాణ్ణి నేను. ఇంకో పని కూడా ఉంది, దాని గురించి ఊళ్ళో ఎవరూ నా ముందు ఎత్తరు. ఏ తెప్పలోనైనా మనిషికి జ్వరం వస్తే, ఆ తెప్పని ఊరినుంచి విప్పి, లాక్కెళ్ళి బయటి లంగరు దగ్గర తేలే పీపాకి ఒంటితాడు మీద కట్టి వచ్చేది నేనే. అక్కడినుంచి ఆ తెప్పవాళ్ళు రోజూ పొద్దున్నే కొయ్యకి గుడ్డ కడతారు. జ్వరం లేకపోతే తెల్లది, ఉంటే ఎర్రది. ఎర్రగుడ్డ మూడోరోజు పొద్దుగూకే వేళకి కూడా దిగకపోతే పీపా దగ్గర తాడు కొట్టేస్తాం. ఆ తర్వాత తెప్పని సముద్రం తీసుకుపోతుంది. ఊళ్ళో దొంగతనాలు చేసినవాళ్ళున్నారు, పెళ్ళాన్ని తన్నినవాళ్ళున్నారు గానీ, గుడ్డ విషయంలో అబద్ధమాడినవాడు ఇంతవరకూ లేడు.

ఈ పొద్దున విప్పింది మా తెప్పనే. విప్పినవాడు నా బావమరిది అబ్బులు, నా కింద పనిచేసేవాడు. నేను నేర్పినట్టే శుభ్రంగా విప్పాడు. మెచ్చుకుందామనుకుని, తెడ్డు సర్దుకుని కూర్చున్నాను.

తెప్ప మీద ముగ్గురం. నేను, నా భార్య వరహాలు, వాళ్ళమ్మ నాగూరమ్మ. ఎవరికీ జ్వరం లేదు, తెల్లగుడ్డే కట్టాను. మేం ఇక్కడికి వచ్చింది జ్వరం తెచ్చుకోవడానికి.

2

గాలి తగ్గింది. ఆటు. తాడు సడలితే సరిచేశాను.

డాక్టర్ జ్ఞానసుందరి గారు పడవలో వచ్చి వరహాలుని చూసి వెళ్ళారు. తెల్లగుడ్డ ఉన్నంతకాలం రావచ్చు. ఎర్రగుడ్డ కట్టాక ఈ తెప్పని తాకిన మనిషి ఊళ్ళోకి తిరిగి అడుగుపెట్టకూడదు. అప్పుడు ఆవిడ పీపా అవతల పడవలో నిలబడి అరిచి చెప్పాల్సిందే.

వరహాలుకి మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ, చంకలో ఇంకొకటి. కేన్సర్ అన్నారు. మా ఊళ్ళో ఈ మధ్య ఇవి ఎక్కువయ్యాయి. ఆసుపత్రి బల్లకట్టు మీద ఆమె రక్తం తీసి, అందులో ఒంటికి కాపలా కాసే కణాలకి ఆ గడ్డని గుర్తుపట్టడం నేర్పి, ఇక్కడికి బయల్దేరే ముందు తిరిగి ఎక్కించారు. నాకు అర్థమైనంతలో అది కుక్కకి వాసన చూపించి వదలడం. వదిలారు సరే, అవి పరిగెత్తాలంటే ఒళ్ళు కాలాలట. అక్కడే ఊరికీ డాక్టరమ్మకీ పేచీ వచ్చింది.

మా ఊళ్ళో నెలల పిల్లకి కూడా చలవమందు పోస్తారు. రోజూ మజ్జిగలో నాలుగు చుక్కలు, చచ్చేదాకా. అందుకే నాకు ఈ వయసుకి జ్వరం అంటే ఏమిటో తెలియదు. మా తాతల కాలంలో వచ్చిన పెద్దజ్వరం సగం ఊరిని మింగింది. అది మళ్ళీ రాకూడదని ఈ మందు, ఈ లంగరు, ఈ గుడ్డలు. మందు వేసుకోవడం మరిచినవాళ్ళకీ, మందు పని చెయ్యనివాళ్ళకీ అప్పుడప్పుడు ఒళ్ళు కాలుతుంది. ఆ మాట వినగానే నేను తెడ్డు తీసుకుని బయల్దేరాలి.

పెద్దల సభలో డాక్టరమ్మ చెప్పినప్పుడు నేను వెనక నిలబడి విన్నాను.

"పెద్దజ్వరంలో పోయినవాళ్ళని పురుగు చంపలేదండీ, వాళ్ళ ఒళ్ళే చంపింది. ఒంట్లో ఎక్కడ దెబ్బ తగిలినా అక్కడి కణాలు కేకలేస్తాయి. వాటినే మేం వాపు ప్రోటీన్లంటాం. ఆ కేకలకే కాపలా కణాలు లేచి పరిగెత్తుకొస్తాయి. కేకలు ఎంతకీ ఆగకపోతే మనిషి పోతాడు. మనం భయపడి అసలు కేకే రాకుండా నోరు నొక్కేసుకున్నాం."

మరైతే కేకలు లేని ఒంట్లో గడ్డ ఎలా పెరిగిందని ఒక పెద్దమనిషి అడిగాడు. ఆవిడ పొయ్యిని చూపించి చెప్పారు. మంట వేరు, నివురు కింద సెగ వేరు. చలవమందు మంటని ఆపుతుంది గానీ, గడ్డ తన చుట్టూ సన్నటి సెగ ఒకటి ఎప్పుడూ రాజేసుకునే ఉంటుంది. ఆ సెగే దానికి తిండి. కాపలా కణాలు ఆ సెగకి అలవాటుపడి జోగుతుంటాయి. వాటిని లేపాలంటే ఒక్కసారి పెద్ద మంట రావాలి.

పెద్దలు చాలాసేపు గుసగుసలాడి ఒప్పుకున్నారు, కానీ గుడ్డ రివాజు మాత్రం మార్చేది లేదన్నారు. ఇది అంటుకునే జ్వరం కాదని డాక్టరమ్మ ఎంత మొత్తుకున్నా వినలేదు. జ్వరం ఎందుకొచ్చిందో తాడుకి అక్కర్లేదు అన్నాడు సభాపెద్ద. ఆ మాట ఒకప్పుడు నేను ఎవరితోనో అన్నదే, నా దగ్గరే నేర్చుకున్నట్టున్నాడు.

3

గాలి తూర్పు. నీరు నిలకడ. తెల్లగుడ్డ.

జ్వరం రాలేదు.

ఈపాటికి వచ్చి ఉండాల్సిందట. వరహాలు చలవమందు సీసా డాక్టరమ్మ తొలిరోజే పట్టుకుపోయారు. ఇప్పుడామె ఒంట్లో చుక్క కూడా ఉండకూడదు. అయినా పొద్దున ఆమె మెడ మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది. చిన్నప్పటినుంచీ మెడ చల్లగా ఉంటే ప్రాణం హాయిగా ఉండేది. ఈరోజు గుండె జారింది.

డాక్టరమ్మ రక్తం తీసుకెళ్ళి మధ్యాహ్నం తిరిగి వచ్చారు. మొహం చూడగానే తెలిసిపోయింది. కణాలు ఉన్నాయి గానీ కదలడం లేదట. ఇలాగే ఉంటే కొద్దిరోజుల్లో వాటంతటవే పోతాయి, మళ్ళీ తయారుచెయ్యడానికి ఆమె రక్తంలో సరుకు లేదు. గడ్డ గొంతువైపు తిరుగుతోందని కూడా చెప్పారు. ఎన్నాళ్ళుందని అడగలేదు. అడిగితే చెప్పేస్తారని భయం.

వరహాలు మాత్రం వాళ్ళమ్మ పోసిన గంజి తాగుతూ నన్ను ఆటపట్టించింది. "ఊరందరికీ జొరం రాకూడదని మొక్కుకుంటారు, మా మావ ఒక్కడే రావాలని మొక్కుతున్నాడు. ఏ దేవుడు వింటాడో చూడాలి" అంది. నవ్వాను. పెరటివైపు, అంటే తెప్ప వెనక్కి, వెళ్ళి నిలబడ్డాను.

4

గాలి చూడలేదు. తెల్లగుడ్డ.

ఈరోజు తెలిసింది, జ్వరం ఎందుకు రాలేదో.

పొద్దున నాగూరమ్మ అత్త చేప తోముతుంటే చూపుడువేలు దాచుకుంటోంది. ఏమైందని అడిగితే ఏం లేదంది. చెయ్యి లాగి చూశాను. మొన్న ముల్లు గుచ్చుకున్నచోట వేలు ఎర్రగా ఉబ్బి, పట్టుకుంటే కాలుతోంది. నా జీవితంలో వాపు చూడటం అదే మొదలు. మా ఊళ్ళో కత్తి తెగినా, ముల్లు దిగినా అలా ఎర్రబడదు, మెల్లగా మానుతుంది, లేదా నల్లబడి చెడిపోతుంది. వాపు రావాలంటే ఒంట్లో చలవమందు లేకుండా ఉండాలి.

అత్తకి తన సీసా ఉంది. రోజూ చుక్కలు వేసుకోవడం నేను చూస్తూనే ఉన్నాను, మజ్జిగ గిన్నెలో కాదు, గంజి గిన్నెలో. తన గిన్నె అనుకున్నాను, అది వరహాలుది.

నేను అరిచాను. ఇన్నేళ్ళ కాపురంలో అత్త మీద గొంతెత్తలేదు, ఈరోజు ఎత్తాను. ఆవిడ చేపని పక్కన పెట్టింది. వాచిన వేలిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది. ఆ వేలంటే కూడా ఆవిడకి భయంగానే ఉంది.

"నాకు ఆరేళ్ళప్పుడు మా అమ్మ ఒళ్ళో పడుకున్నాను అల్లుడూ. పెనం మీద పడుకున్నట్టుండేది. ఆ ఒళ్ళోంచి నన్ను లాగేసి, మావాళ్ళ తెప్ప విప్పేశారు. ఇప్పుడు నా కూతురి ఒళ్ళు కాలాలంటన్నారు, నువ్వూ ఆ డాక్టరమ్మా. నేను తల్లిని. ఎలా చూత్తా ఊరుకుంటాను?"

కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. మా ఊళ్ళో ఏ తల్లయినా ఆ పనే చేసి ఉండేది. పిల్లని చల్లగా ఉంచడం తప్ప మావాళ్ళకి ఇంకో ప్రేమ రాదు. అత్త సీసా కూడా ఇచ్చెయ్యాలన్న ఆలోచన నాకూ రాలేదు, తీసుకోవాలని డాక్టరమ్మకీ తోచలేదు.

వరహాలు అంతా విని, తల్లి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని వేలు చూసింది. "నొప్పిగా ఉందా?" అంది. ఉందంది అత్త. "ఆ నొప్పే నాకు కావాలమ్మా, నా గడ్డ ఇంతవరకూ ఒక్కసారి కూడా నొయ్యలేదు. నొయ్యకుండానే చంపేత్తాది" అంది. అత్త తనే లేచి సీసా నీళ్ళలోకి వంచింది. నా సీసా కూడా లాక్కుని వంచబోతే ఆపాను. డాక్టరమ్మ వచ్చి అత్త వేలికి మందు రాసి కట్టు కట్టారు, తిట్టలేదు. ఇక రెండ్రోజులు చూడాలన్నారు. నా చేతికి ఒక సూది ఇచ్చారు. ఒక్కటే ఉంది.

ఆ సూదికి ఊళ్ళో ఇంకా ఎవరూ పేరు పెట్టలేదు, నేను ఆపుసూది అంటున్నాను. కేకల్లో అన్నిటికన్నా పెద్దది ఒకటుందట, దాన్ని ఒక్కసారిగా నొక్కేస్తుంది. ఊపిరి ఎంత అందుతోందో చూడటానికి వరహాలు వేలికి తగిలించిన క్లిప్పులో అంకె తొంభై కిందికి జారినా, మనిషిని పిలిస్తే పలకకపోయినా వెంటనే గుచ్చాలి. అంతకు ముందే గుచ్చితే గంజిలో చుక్కలు పోసినట్టే. "జ్వరానికి భయపడి గుచ్చకండి మేస్త్రీ, ఊపిరి చూసి గుచ్చండి" అని రెండుసార్లు చెప్పించుకున్నారు నా చేత.

5

గాలి దక్షిణం, జోరు. ఎర్రగుడ్డ.

పొద్దున వరహాలు చలి అంది. ఎండలో కూర్చుని రెండు దుప్పట్లు కప్పుకుని వణికింది. పళ్ళు టకటక కొట్టుకుంటుంటే ఆమె కూడా ఆశ్చర్యపోయి నా వైపు చూసింది. కాసేపటికి వణుకు ఆగి ఒళ్ళు వేడెక్కింది. నా అరచెయ్యి ఆమె వీపు మీద పెట్టి తీసేశాను. మళ్ళీ పెట్టాను. మనిషి లోపల అంత వేడి ఉంటుందని నాకు తెలియదు.

ఎర్రగుడ్డ నేనే కట్టాను. కొయ్య ఎక్కుతుంటే ఊరివైపు తెప్పల మీద మనుషులు లేచి నిలబడటం కనిపించింది. అందరూ లోపలికి వెళ్ళిపోయారు. నేను అటు ఉన్నప్పుడు మాత్రం చేసింది వేరా?

సంతోషించాలి కదా. రావాల్సింది వచ్చింది. నేను మాత్రం గుడ్డ ముడి మళ్ళీ మళ్ళీ చూసుకుంటున్నాను. అత్త తెప్ప మూలకి జరిగి, మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి లేచి వచ్చి, చెయ్యి చాచి కూతురి నుదురు తాకింది. తాకి అక్కడే ఉంచేసింది.

తెలివి చూడటానికి పొద్దునా సాయంత్రం అడగమని డాక్టరమ్మ చెప్పిన ప్రశ్నలు అడిగాను. పేరు చెప్పింది. ఊరు చెప్పింది. తెడ్డు చూపిస్తే తెడ్డంది. నన్ను నేను చూపించుకుంటే, "పిరికోడు" అంది. తెలివి బానే ఉంది.

6

గాలి దక్షిణమే. ఎర్రగుడ్డ, రెండోరోజు.

థర్మామీటర్లో నూట నాలుగు. తడిగుడ్డ వేస్తే వెంటనే ఆరిపోతోంది, పొగ రావడమొక్కటే తక్కువ.

మెడ దగ్గర గడ్డ పెరిగింది. నిన్న నిమ్మకాయంత ఉన్నది ఈరోజు కోడిగుడ్డంత అయింది, ఎర్రగా మెరుస్తోంది, ముట్టుకుంటే వరహాలు కేకపెట్టింది. గడ్డని చంపుతామని గడ్డనే మేపుతున్నామేమో అనిపించింది. డాక్టరమ్మ పడవ పీపా అవతల ఆగగానే, నోటికి చేతులడ్డం పెట్టుకుని అరిచి అడిగాను. గడ్డలోకి కాపలా కణాలు దూరితే అది ముందు వాచి నొప్పెడుతుంది, ఆ తర్వాతే కరుగుతుంది, చాలామందికి అలాగే అవుతుంది అని అరిచారు. చాలామందికి అన్నారు, అందరికీ అనలేదు. గాలికి సగం మాటలే వినిపించాయి, ఆ మాట మాత్రం బాగా వినిపించింది.

సాయంత్రం పేరు అడిగితే చెప్పింది. ఊరు అడిగితే, ఊరు మునిగిపోయింది కదా అంది. తెడ్డు చూపిస్తే చాలాసేపు దానివైపే చూసి, అరటిబోదె అంది. క్లిప్పులో తొంభై నాలుగు. ఊపిరి పరవాలేదు, పిలిస్తే పలుకుతోంది. సూది గుచ్చే వేళ కాదు.

కాదని తెలుసు. అయినా నా చెయ్యి డబ్బా మీదికే పోతోంది. గుచ్చితే ఆ కళ్ళు మామూలవుతాయి. రేపు పొద్దున తెల్లగుడ్డ కట్టొచ్చు. అబ్బులు వచ్చి లాక్కెళ్తాడు, మా ఇంటిపక్క తెప్పకి మళ్ళీ కడతాడు. కొన్నాళ్ళు అందరం బాగుంటాం. ఆ కొన్నాళ్ళ కోసం నా ప్రాణం కొట్టుకుంటోంది, అబద్ధం ఎందుకు. డబ్బా మూడుసార్లు తెరిచాను. నాలుగోసారి అత్త నా చెయ్యి పట్టుకుంది. క్లిప్పు వైపు చూపించింది. తొంభై నాలుగు.

7

గాలి పడమర నుంచి, సముద్రం వైపుకి. ఎర్రగుడ్డ, మూడోరోజు.

మధ్యాహ్నం అబ్బులు పడవ వచ్చింది. డాక్టరమ్మ కూడా ఉన్నారు. పడవ అడుగున గోనె కప్పి ఉంది. దాని కింద ఏముందో నాకు తెలుసు. ఆ గొడ్డలి పదును నేను పెట్టిందే.

పెద్దలు కబురు పంపారట. సూది ఉందని వాళ్ళకి తెలిసింది. అది గుచ్చి, పొద్దుగూకే లోపు తెల్లగుడ్డ కడితే తెప్పని ఊళ్ళోకి లాగుతారు. లేకపోతే రివాజు ప్రకారం జరుగుతుంది. అబ్బులు ఈ మాటలు అప్పజెప్పినట్టు చెప్పి, ఆ తర్వాత తన మాట చెప్పాడు.

"బావా, గుచ్చేయ్. నీ కాళ్ళు పట్టుకుంటాను. అక్క ఉంది దాన్లో, అమ్మ ఉంది. నేను కొట్టలేను బావా. కొట్టకపోతే మాత్రం ఇంకోణ్ణి పంపుతారు."

డాక్టరమ్మని చూశాను. క్లిప్పు అంకె అడిగారు, తొంభై మూడన్నాను. పిలిస్తే పలుకుతోందా అన్నారు, పలుకుతోందన్నాను. అయితే ఇప్పుడు గుచ్చితే కణాలు మళ్ళీ జోగుతాయని, ఇప్పటిదాకా పడ్డదంతా పోతుందేమోనని, కచ్చితంగా చెప్పలేనని అన్నారు. నిర్ణయం మాదేనన్నారు. మంచి మనిషే. కానీ ఆ క్షణంలో ఆవిడ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

పడవ పీపా దగ్గరే ఆగింది, పొద్దుకోసం కాచుకుని. నేను డబ్బా తెరిచి సూది చేతిలోకి తీసుకున్నాను. మూత కూడా తీశాను. వరహాలు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పిలిచాను. కళ్ళు తెరిచింది. నన్ను గుర్తుపట్టిందో లేదో చెప్పలేను. సూది మాత్రం గుర్తుపట్టింది.

"ఇప్పుడా?" అంది.

కాదు అని చెప్పాల్సి వచ్చింది. అడిగిన మనిషికి అబద్ధం చెప్పలేకపోయాను. "కాదు. నాకు భయమేసి తీశాను" అన్నాను. ఆమె కళ్ళు మూసుకుంది.

అప్పుడు అర్థమైంది నాకు. నేను ధైర్యవంతుణ్ణి కాను, పొద్దుగూకేదాకా ఓర్చుకోలేను. ఆ తాడు అక్కడ ఉన్నంతసేపు నా చెయ్యి సూది మీదికే పోతుంది. ఎర్రటి పొద్దు కుంగే వేళకి, గొడ్డలి లేచే వేళకి, నేను తప్పకుండా గుచ్చేస్తాను. దానికి ప్రేమ అని పేరు కూడా పెట్టుకుంటాను. అత్త చుక్కలు పోసినట్టే.

సూదికి మూతపెట్టి డబ్బాలో పెట్టాను. తెప్ప ముందుకి వెళ్ళి మావైపు ముడి పట్టుకున్నాను. ఉప్పునీళ్ళకి తాడు ఉబ్బి బిగుసుకుపోయింది. ఇలాంటి ముడి విప్పడానికి ఇద్దరు కావాలి, ఒకరు తాడు వదులు చేసి పట్టుకోవాలి, ఒకరు మెలిక లాగాలి. వెనక్కి తిరిగి చూస్తే అత్త అప్పటికే వచ్చి నిలబడి ఉంది.

అబ్బులు కేకలేస్తున్నాడు. వద్దు బావా వద్దు బావా అంటున్నాడు. అత్త వాడివైపు చూడలేదు. కట్టుకట్టిన వేలు పైకెత్తి పెట్టుకుని, మిగతా వేళ్ళతో తాడు పట్టి, మొత్తం బరువు వేసి వెనక్కి లాగింది. ఆరేళ్ళప్పుడు తల్లి ఉన్న తెప్పని ఊరు విప్పేస్తుంటే చూసిన మనిషి. మెలిక వదులైంది. నేను లాగేశాను.

తాడు నీళ్ళలో పడింది. కాసేపు ఏమీ కాలేదు, తెప్ప ఉన్నచోటే ఉంది. తర్వాత పీపా మెల్లగా మాకు దూరం జరిగింది. అబ్బులు పడవ అడుగున కూర్చుండిపోయాడు. వాడి చేతిలో గొడ్డలి లేదు, అది నేను సరిగ్గా చూశాను. డాక్టరమ్మ నిలబడే ఉండి, రెండు చేతులూ ఎత్తి ఏదో అరిచారు, వినపడలేదు. ఊపిరి చూడమని అయి ఉంటుంది.

8

గాలి పడమర. తాడు లేదు. ఎర్రగుడ్డ కొయ్యకే ఉంది, చూసేవాళ్ళు లేరు.

తెల్లవారుతుండగా అంకె జారింది. తొంభై రెండు, తొంభై ఒకటి, ఎనభై తొమ్మిది. పిలిచాను. అత్త పిలిచింది. భుజం పట్టి కుదిపినా పలకలేదు. పెదాలు నీలంగా ఉన్నాయి.

ఇప్పుడు గుచ్చాలి. మూడు రోజులుగా గుచ్చాలని తపించిన చెయ్యి ఇప్పుడు కదలదే! ఒకవేళ ఇంకాస్త ఆగాలేమో, ఇంకొక్క గంట ఆగితే గడ్డ పూర్తిగా కరుగుతుందేమో అని ఎవడో లోపల లెక్కలు చెప్పాడు. అత్త ఒక్క మాట అంది. "ఊపిరి చూసి గుచ్చమంది కదా." తొడలో గుచ్చాను. మందంతా పోయేదాకా నొక్కాను.

ఆ తర్వాత చెయ్యడానికి ఏమీ లేదు. నాకు దేవుళ్ళ పేర్లు పెద్దగా రావు, వచ్చినవన్నీ తలుచుకున్నాను. అత్త కూతురి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ ఒళ్ళు కాలుతున్నా జరగలేదు. అంకె అలాగే ఉంది. ఎనభై ఎనిమిదికి కూడా పడింది. ఒకసారి క్లిప్పు ఊడి అంకె కనబడకుండా పోతే తడుముకుని మళ్ళీ తగిలించాను.

ఇది రాస్తున్నది ఎందుకంటే, రాస్తుంటే క్లిప్పు వైపు చూడక్కర్లేదు.

9

గాలి మారింది, ఎటునుంచో సరిగ్గా చెప్పలేను. ఒడ్డు కనబడటం లేదు. మంచినీళ్ళు ఉన్నాయి, బియ్యం ఉన్నాయి. తెరచాప లేదు, దుప్పట్లు కుట్టి చేసుకోవాలి.

నేను కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నిద్రపోయాను. లేచి వరహాలు చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. మా ఊళ్ళో పుట్టి పెరిగిన నేను, చల్లటి ఒళ్ళు తప్ప ఏదీ మంచిది కాదని నేర్చుకున్న నేను, ఆ చలవకి హడలిపోయి అరిచాను. మనిషి పోయిందనుకున్నాను. ఛాతీ మీద చెవి పెట్టాను. నా గుండె చప్పుడే తప్ప ఏమీ వినబడలేదు.

"బరువు, లెగు మావా" అంది వరహాలు.

అత్త బావురుమంది. నేను కూడా ఏడ్చాను, సిగ్గుపడలేదు. క్లిప్పులో తొంభై ఏడు. మెడ తడిమి చూశాను. కోడిగుడ్డంత గడ్డ ఉన్నచోట మెత్తగా, వదులుగా, గాలి తీసిన తిత్తిలా ఏదో ఉంది. చంకలోది వేళ్ళకి దొరకలేదు. పోయిందో, దాక్కుందో నాకు తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ పీపా అవతల ఉండిపోయింది. ఇక ఈమె జన్మలో చలవమందు తాగకూడదు, తాగితే లేచిన కణాలు మళ్ళీ పడుకుంటాయి. ఆ మందు తాగనివాళ్ళ తెప్పని పక్కన కట్టనిచ్చే ఊరు ఎక్కడైనా ఉందో లేదో కూడా తెలియదు.

ఆమె లేచి కూర్చుంటానంది. వీపు వెనక మూట పెట్టాను. చుట్టూ చూసింది. ఒకవైపు చూసి, ఇంకోవైపు చూసి, కొయ్య వైపు, తెప్ప ముందున్న ఖాళీ కట్టుకొయ్య వైపు చూసింది.

"అబ్బులు కొట్టాడా?" అంది.

"లేదు. వాడు కొట్టలేదు. మీ అమ్మా నేనూ విప్పాం."

తల్లి వైపు చూసింది. అత్త మొహం తిప్పుకుంది. వరహాలు మళ్ళీ ఖాళీ కట్టుకొయ్య వైపు తిరిగింది. తిడుతుందేమోననుకున్నాను. తిట్టినా బాగుండేది.

"భయమెయ్యలేదేటి నీకు?"

"ఇప్పుడూ వేస్తోంది."

ఆమె నెమ్మదిగా, ఎముకలన్నీ నొప్పెడుతున్నట్టు, పక్కకి జరిగింది. చాప మీద నాకు చోటిచ్చింది. నేను వెళ్ళి పడుకున్నాను.